రాని బాకీకి లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికలలో సర్వీసు నాటి జ్ఞాపకాలు, ఆరోగ్య సలహాలు, పింఛను వార్తలు చోటుచేసుకోవడం పరిపాటి. ఈసారి నేను కాస్త చప్పిడి విషయం ఎంచుకున్నాను. కారణం లేకపోలేదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన వాళ్ళం గనుక బంధువులలోను, ఇరుగుపొరుగులోను, చివరికి ఇంట్లో మనుమల దగ్గర కూడా మనకు ఒక ప్రశ్న తప్పడం లేదు. "పెద్ద పెద్ద వాళ్ళ అప్పులు లక్షల కోట్లు మీ బ్యాంకులు కొట్టేశాయట గదా! పేదవాడి దగ్గర మాత్రం ముక్కుపిండి వసూలు చేస్తారేం?" అని. కొందరు అక్కడితో ఆగక "మరి మీ పింఛను మాటేమిటి?" అని కూడా అడుగుతారు.

దీనికి అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. రాసివేత, ఏర్పాటు, మాఫీ అనే మూడు మాటలను జనం ఒకే అర్థంలో వాడుతున్నారు. నిజానికి అవి మూడు వేరువేరు పనులు. అవి ఎలా వచ్చాయో, మన దేశంలో ఎలా మారాయో నాకు తెలిసినంతలో వివరిస్తాను. నా దృష్టిలో సారాంశం ఒక్కటే. బాకీ రాకుండా పోయినప్పుడు నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. లెక్కల పుస్తకం తేల్చవలసినవి రెండే: ఆ నష్టాన్ని ఏ రోజున ఒప్పుకోవాలి? దాన్ని ఎవరు భరించాలి?

వర్తకుడి ఆవర్జా

బ్యాంకులకంటె ముందు ఈ బాధ వర్తకులకు తెలుసు. ఇటలీ దేశస్థుడైన లూకా పాచియోలీ అనే మతగురువు 1494లో వెనిస్ నగరంలో అచ్చువేయించిన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించాడు. మన వర్తకులకూ చిట్టా, ఆవర్జా ఉండేవి. పద్ధతి ఏదైనా, అరువు ఇచ్చిన ప్రతి దుకాణదారుకూ సంవత్సరాంతంలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: పుస్తకంలో ఉన్న బాకీలో చేతికి వచ్చేదెంత?

బి.కాం. గాని, సి.ఎ.ఐ.ఐ.బి. గాని చదివినవారికి ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. ఒక టోకు వర్తకుడు పట్టీ ధర రూ.100 ఉన్న సరుకును చిల్లర వర్తకుడికి 10 శాతం తగ్గించి ఇచ్చాడనుకుందాం. ఇది వర్తకపు డిస్కౌంటు. ఇన్వాయిసు రూ.90కే తయారవుతుంది. ఆ పది రూపాయలు పుస్తకాలకు ఎక్కనే ఎక్కవు. ఎందుకంటే ఆ పది రూపాయలు ఏనాడూ బాకీ కాలేదు. పదిహేను రోజులలో డబ్బు కడితే మరో 2 శాతం తగ్గిస్తానన్నాడు. ఇది నగదు డిస్కౌంటు. అలా కడితే రూ.88.20 చేతికి వస్తుంది, రూ.1.80 నష్టంగా లాభనష్టాల ఖాతాకు చేరుతుంది. డబ్బు త్వరగా రప్పించుకోవడానికి వర్తకుడు తెలిసి పెట్టిన ఖర్చు ఇది. అసలు కట్టకుండా పోతే అది రాని బాకీ.

ఇప్పుడు సంవత్సరాంతానికి రావలసిన బాకీలు మొత్తం రూ.50,000 ఉన్నాయనుకుందాం. అందులో దివాలా తీసిన ఒకాయన బాకీ రూ.2,000. దాన్ని ముందుగా రాసివేయాలి. మిగిలిన రూ.48,000లో ఎవరు ఎగవేస్తారో పేరు చెప్పలేము గాని, అనుభవం మీద 5 శాతం రాకపోవచ్చునని తెలుసు. అందుకని రూ.2,400 సంశయాత్మక బాకీల ఏర్పాటు. మిగిలిన రూ.45,600 మీద 2 శాతం చొప్పున రూ.912 డిస్కౌంటు ఏర్పాటు. చివరకు ఆస్తి అప్పుల పట్టీలో కనిపించేది రూ.44,688. ఈ వరుస తప్పకూడదని పరీక్షలలో పట్టుబట్టేవారు. కట్టనివాడికి త్వరగా కట్టినందుకు తగ్గింపు ఎవరిస్తారు? అందుకే డిస్కౌంటు లెక్క చివర వస్తుంది.

ఈ చిన్న లెక్కలోనే మన ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఏర్పాటు వల్ల ఏ బాకీదారు ఖాతాలోనూ ఒక్క పైసా తగ్గదు. అది యజమాని తన లాభంలో నుంచి పక్కన పెట్టుకున్న సొమ్ము. రాసివేత వల్ల పుస్తకంలో ఆ ఖాతా మూతపడుతుంది గాని, బాకీదారు చేసిన సంతకం చెరిగిపోదు. తరువాత ఎప్పుడైనా అతడు డబ్బు తెచ్చి ఇస్తే అది వసూలైన రాని బాకీగా లాభంలో కలుస్తుంది. మాఫీ అంటే అప్పు ఇచ్చినవాడు గాని, చట్టం గాని "ఇక నీవు కట్టనక్కరలేదు" అని చెప్పడం. అది లెక్కల గుమాస్తా కలంతో అయ్యే పని కాదు.

ఒప్పుకోని నష్టం: మద్రాసు, 1906

నష్టాన్ని సకాలంలో ఒప్పుకోకపోతే ఏమవుతుందో దక్షిణ దేశానికి గట్టిగా చెప్పిన సంఘటన 1906 అక్టోబరులో జరిగింది. మద్రాసులో పేరుమోసిన ఆర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసింది. బయటికి దర్పంగా కనిపించిన ఆ సంస్థ లోపల ఎప్పుడో డొల్ల అయిపోయింది. ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు దాచుకున్న డబ్బు పోయింది. భాగస్వామి సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు న్యాయస్థానం జైలు శిక్ష వేసింది. ఆ దెబ్బ తిన్న తరువాతే వి.కృష్ణస్వామి అయ్యరు మొదలైన పెద్దల పూనికతో 1907లో ఇండియన్ బ్యాంకు వచ్చింది. మన తెలుగు గడ్డ మీద 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. స్వదేశీ బ్యాంకు కావాలన్న ఆకాంక్షతో పాటు, మన డబ్బు మన కళ్ళ ముందు ఉండాలన్న జాగ్రత్త కూడా ఆ తరానికి ఉండేదని నా అభిప్రాయం. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైన సంగతి మనందరికీ తెలిసినదే.

చట్టం చేసిన మాఫీ: 1938

రుణమాఫీ ఇటీవలి కాలపు రాజకీయం అని చాలామంది అనుకుంటారు. 1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు కుప్పకూలి, రైతుల అప్పులు కొండల్లా పెరిగాయి. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండేవి. రాజాజీ ప్రభుత్వం 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ బకాయిలను ఆ చట్టం రద్దు చేసింది. అసలు, వడ్డీ కలిపి అసలుకు రెట్టింపు మొత్తం అప్పటికే కట్టిన రైతు బాకీ పూర్తిగా తీరినట్లే అన్నది. వడ్డీ అసలును మించరాదన్న దామ్‌దుపట్ అనే పాత హిందూ ధర్మశాస్త్ర నియమానికి ఇది దగ్గరి చుట్టం.

ఇక్కడ గమనించవలసింది, ఆనాటి మాఫీ నష్టం అప్పు ఇచ్చినవాడి మీద పడింది. ప్రభుత్వం పైసా ఇవ్వలేదు. 1990లో వి.పి.సింగ్ ప్రభుత్వం రూ.10,000 వరకు వ్యవసాయ, గ్రామీణ రుణాలను మాఫీ చేసింది. 2008లో కేంద్రం చిన్న, సన్నకారు రైతుల బకాయిలను పూర్తిగాను, ఇతర రైతులకు 25 శాతం మేరకును మాఫీ చేసింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో రూ.లక్ష వరకు, ఆంధ్రప్రదేశ్‌లో రూ.లక్షన్నర వరకు మాఫీ పథకాలు వచ్చాయి. వీటన్నింటిలోను రైతు కట్టవలసిన మొత్తాన్ని ప్రభుత్వం బ్యాంకుకు చెల్లిస్తానన్నది. అంటే నష్టం పన్నులు కట్టే జనానికి మారింది. మాట ఒక్కటే అయినా, భరించేవారు మారిపోయారు.

పట్టీలో కనపడని అంకె

1949లో బ్యాంకింగ్ కంపెనీల చట్టం వచ్చింది. దాని మూడవ షెడ్యూలులోని పాత లాభనష్టాల నమూనా మనలో పాతవారికి గుర్తుండవచ్చు. ఆదాయం అనే శీర్షిక కిందనే, రాని బాకీలకు, సంశయాత్మక బాకీలకు చేసిన ఏర్పాట్లు తీసివేసిన తరువాత మిగిలిన మొత్తం అని ఉండేది. ఎంత తీసివేశారో బయటివారికి తెలిసేది కాదు. దీనికి ఒక కారణం చెప్పేవారు. ఆ రోజులలో వదంతి పుడితే చాలు, బ్యాంకు ముందు జనం బారులు తీరేవారు. 1938లో ట్రావంకూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు, 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాయి. డిపాజిట్ల బీమా 1962 జనవరి 1న గాని అమలులోకి రాలేదు. అందుకని నష్టాల అంకెను గుట్టుగా ఉంచడమే డిపాజిటరుకు మేలని అనుకున్నారు.

గుట్టు మంచి రోజులలో రక్షణే. కాని రాని బాకీలు పెరిగినప్పుడు అదే గుట్టు వాటికి ముసుగు అయింది. 1991-92 లెక్కల నుంచి కొత్త నమూనా పట్టీలు వచ్చాక ఏర్పాట్లను విడిగా చూపడం మొదలైంది.

రాని వడ్డీ లాభమైన రోజులు

అంతకంటె పెద్ద చిక్కు వడ్డీతో ఉండేది. మేము శాఖలలో నియమిత కాలానికి అప్పు ఖాతాలకు వడ్డీ వేసేవాళ్ళం. అప్పుదారు ఖాతాకు డెబిట్, వడ్డీ ఆదాయానికి క్రెడిట్. అప్పుదారు కట్టినా, కట్టకపోయినా ఆ పద్దు వల్ల బ్యాంకుకు ఆదాయం వచ్చినట్లే. రూ.10,000 అప్పు మీద ఏడాదికి 15 శాతం చొప్పున అయిదేళ్ళు వడ్డీ వేసుకుంటూ పోతే ఖాతా నిల్వ రూ.20,113 దాటుతుంది. అప్పుదారు ఒక్క రూపాయి ఇవ్వలేదు. అయినా పుస్తకంలో ఆస్తి రెట్టింపు అయింది, పదివేలకు పైగా లాభం కూడా వచ్చింది! ఆ లాభాన్ని చూసి పన్ను, డివిడెండు లెక్కగడితే, రాని డబ్బు మీద వచ్చిన డబ్బు ఖర్చు చేసినట్లే గదా.

దీన్ని సరిదిద్దే ప్రయత్నం 1985లో మొదలైంది. రిజర్వు బ్యాంకు అప్పులను వాటి ఆరోగ్యాన్ని బట్టి ఎనిమిది తరగతులు చేయమన్నది. సంతృప్తికరమైన ఖాతా నుంచి రాని బాకీ వరకు ఒకటి నుంచి ఎనిమిది దాకా కోడు నంబర్లు ఉండేవి. అయితే ఏది ఏ కోడులో పడాలన్నది చాలా వరకు అధికారి అభిప్రాయం మీద ఆధారపడేది.

అసలైన మార్పు నరసింహం కమిటీతో వచ్చింది. 1991 నవంబరులో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. 1992 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు విడుదల చేసింది. చేతికి రాని వడ్డీని, ఖాతా నిరర్థక ఆస్తి అయిన తరువాత, ఆదాయంగా చూపకూడదు. అభిప్రాయంతో పని లేకుండా గడువే కొలత అయింది. బకాయి 1993 మార్చి నాటికి నాలుగు త్రైమాసికాలు, 1994 మార్చి నాటికి మూడు, 1995 మార్చి నుంచి రెండు దాటితే అది నిరర్థక ఆస్తి. 2004 మార్చి నుంచి 90 రోజులు. అప్పులన్నీ ప్రామాణిక, నాసిరకం, సంశయాత్మక, నష్టపు ఆస్తులని నాలుగు రకాలయ్యాయి. నష్టపు ఆస్తికి నూటికి నూరు, నాసిరకానికి మొదట 10 శాతం ఏర్పాటు చేయాలన్నారు. సంశయాత్మక ఆస్తికయితే తాకట్టు లేని భాగానికి పూర్తిగాను, తాకట్టు ఉన్న భాగానికి వయసును బట్టియును చేయాలి.

ఫలితం ఎలా ఉందో చెప్పడానికి ఒక్క అంకె చాలు. 1993 మార్చి నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకుల అప్పులలో 23 శాతానికి పైగా నిరర్థకమని తేలింది. ఆ ఒక్క ఏడాదిలో అంత డబ్బు పోయిందా? లేదు. ఏళ్ళ తరబడి పోయినది ఆ ఏడాది కనిపించింది. అనేక బ్యాంకులు నష్టాలు ప్రకటించాయి. 1993-94లో కేంద్రం జాతీయ బ్యాంకులకు రూ.5,700 కోట్ల మూలధనం సమకూర్చవలసి వచ్చింది. అప్పుడు "కొత్త లెక్కలు బ్యాంకులను ముంచాయి" అన్నవారు ఉన్నారు. జ్వరం వచ్చినవాడికి థర్మామీటరు పెడితే, జ్వరం థర్మామీటరు వల్ల వచ్చిందనడం వంటిదే ఆ మాట.

అదే పాఠం మళ్ళీ 2015లో చదువుకోవలసి వచ్చింది. పాత అప్పు తీరినట్లు చూపడానికి కొత్త అప్పు ఇవ్వడం వంటి పద్ధతులతో దాగిన బకాయిలను రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష జరిపి వెలికితీసింది. 2018 మార్చి నాటికి స్థూల నిరర్థక ఆస్తులు 11 శాతం దాటాయి. 2024 మార్చి నాటికి 2.8 శాతానికి తగ్గాయి. అయితే ఈ తగ్గుదలలో వసూళ్ళ వాటా కొంత, రాసివేతల వాటా కొంత ఉంది. అది మరువరాదు.

రాసివేసినంత మాత్రాన వదిలినట్లా?

ఇక మనవాళ్ళు అడిగే ప్రశ్నకు వద్దాం. పూర్తిగా ఏర్పాటు చేసిన బాకీని బ్యాంకు పట్టీ నుంచి తీసివేస్తుంది. పట్టీ శుభ్రపడుతుంది, పన్ను లెక్కలోనూ ప్రయోజనం ఉంటుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో రాని బాకీని ఖర్చుగా చూపాలంటే అది నిజంగా రానిదైపోయిందని ఒకప్పుడు రుజువు చేయవలసి వచ్చేది. 1989 ఏప్రిల్ 1 నుంచి పుస్తకంలో రాసివేస్తే చాలునని సవరించారు. 2010లో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతినే స్పష్టం చేసింది. తరువాత వసూలైతే ఆ మొత్తం మీద పన్ను కట్టవలసిందే. అంటే చట్టం దృష్టిలో కూడా రాసివేత వసూలుకు ముగింపు కాదు.

శాఖ స్థాయిలో ఈ తేడా మనకు బాగా తెలుసు. మామూలు బాకీకి దావా గడువు మూడేళ్ళు. ఆ గడువు తీరకముందే అప్పుదారు దగ్గరకు వెళ్ళి బాకీ ఒప్పుకుంటూ సంతకం తీసుకోవడం మనలో ఎందరో ఎండనక వాననక చేసిన పని. 1993లో రుణ వసూలు ట్రిబ్యునళ్ళ చట్టం, 2002లో కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసి చట్టం, 2016లో దివాలా స్మృతి వచ్చాయి. సర్ఫేసి చట్టం సాగు భూమికి వర్తించదన్న సంగతి, "పేదవాడి దగ్గరే ముక్కుపిండి" అనేవారికి చెప్పదగినది.

కాని నిజాయితీగా చెప్పాలంటే ప్రశ్న అడిగేవారి మాటలోనూ సత్యం ఉంది. పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన సమాధానం ప్రకారం 2014-15 నుంచి 2022-23 వరకు తొమ్మిదేళ్ళలో వాణిజ్య బ్యాంకులు రాసివేసినది సుమారు రూ.14.56 లక్షల కోట్లు. అదే కాలంలో రాసివేసిన ఖాతాల నుంచి వసూలైనది సుమారు రూ.2.04 లక్షల కోట్లు. అంటే దాదాపు ఏడో వంతు. హక్కు మిగిలి ఉన్నమాట నిజమే. డబ్బు మాత్రం చాలా వరకు రాలేదన్నది కూడా నిజమే. పైగా ఒకేసారి పరిష్కారం పేరుతో చేసే రాజీలలోను, దివాలా స్మృతి కింద పెద్ద కంపెనీల పరిష్కారాలలోను బ్యాంకు వదులుకున్న భాగం ఇక తిరిగి రాదు. దాన్ని మాఫీ కాదనడానికి వీలు లేదు. కనుక "రాసివేత మాఫీ కాదు" అని చెప్పి ఊరుకుంటే మన జవాబు సగమే అవుతుంది. ఎంత రాసివేశారు, ఆ తరువాత ఎంత వసూలు చేశారు అని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి అడగడమే సరైన ప్రశ్న.

పింఛను, డిపాజిట్ల మాట

చివరగా మన పింఛను సంగతి. 1995 పింఛను నిబంధనల ప్రకారం పింఛను నిధి ఒక ప్రత్యేక ట్రస్టు కింద ఉంటుంది. అది బ్యాంకు అప్పులిచ్చే డబ్బు కాదు. ఏ అప్పు రాసివేసినా ఆ పద్దు నిధిని తాకదు. ఏటా యాక్చువరీ చేత లెక్క కట్టించి, చాలకపోతే బ్యాంకు జమ చేయాలి. అయితే ఆ జమ చేసేది బ్యాంకు ఆదాయం నుంచే గనుక బ్యాంకు ఆరోగ్యం మనకు పట్టని విషయం కాదు. ఇక డిపాజిట్ల బీమా 1962లో రూ.1,500తో మొదలై, 1993లో రూ.లక్షకు, 2020 ఫిబ్రవరి 4 నుంచి రూ.5 లక్షలకు పెరిగింది. ఈ పరిమితి ఒక బ్యాంకులోని ఒక డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి వర్తిస్తుంది. ఆర్బత్‌నాట్ కాలపు పింఛనుదారుకు ఈ ధైర్యం లేదు.

లెక్క ఎవరికీ శత్రువు కాదు, మిత్రుడూ కాదు. రాని బాకీని ముందే ఒప్పుకున్న చోట నష్టం చిన్నదిగా ఉన్నప్పుడే బయటపడింది. దాచిన చోట డిపాజిటరు మీదనో, పన్ను కట్టే మనిషి మీదనో రెట్టింపై పడింది. ఈ నూరేళ్ళ పైచిలుకు చరిత్ర చెబుతున్నది ఇదే. ఈసారి ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు మాట దాటవేయకుండా ఒక కాగితం తీసి, ఆ యాభై వేల రూపాయల లెక్క వేసి చూపించండి. ఏర్పాటు ఎక్కడ, రాసివేత ఎక్కడ, మాఫీ ఎక్కడో వాళ్ళే చెబుతారు. ఆ తరువాత వాళ్ళు అడిగే ప్రశ్నలు మరింత పదునుగా ఉంటాయి. ఉండాలి కూడా.